మూడు విజిల్స్ వచ్చేదాకా: తీరిక లేని రోజులో ధ్యానం

"ధ్యానం చేయాలని ఉంది, టైమే దొరకట్లేదు" అని ఈ మధ్య నాతో చాలామంది అన్నారు. వాళ్లలో చంటిపిల్లల తల్లులున్నారు, నైట్ షిఫ్టులు చేసేవాళ్లున్నారు, ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లని చూసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లెవరూ సాకులు చెప్పట్లేదు, నిజంగానే తీరిక లేదు. అందుకని "పొద్దున ఒక గంట ముందు లేవండి" అని నేను చెప్పను, ఆ గంట నిద్ర మీకు కావాలి. ఇప్పటికే రోజూ చేస్తున్న పనులకి ధ్యానాన్ని ఎలా ముడేసుకోవచ్చో, నాలుగేళ్లుగా నేను చేస్తున్నది ఉన్నదున్నట్టు రాస్తాను.

ముందు నా రోజు ఎలా ఉంటుందో చెప్తాను, మీ రోజుతో పోల్చుకోవచ్చు. అయిదున్నరకి లేస్తే ఏడుంబావుకల్లా పిల్లల బాక్సులు రెండు, నాదొకటి, మా ఆయనదొకటి సర్దెయ్యాలి. ఏడూ నలభైకి స్కూల్ బస్సు. ఎనిమిదిన్నరకి హైదరాబాద్ హబ్సిగూడలో మెట్రో ఎక్కితే మళ్లీ ఇంటి గుమ్మం తొక్కేది రాత్రి ఏడు దాటాకే, తర్వాత హోంవర్కులు, వంట, మర్నాటికి ఇడ్లీ పిండో దోసెల పిండో.

పెళ్లికి ముందు ఏలూరు దగ్గర విజయరాయిలో పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి వెళ్లాను. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవాలి, పదో రోజు దాకా ఎవరితోనూ మాటల్లేవు. ఫీజు ఉండదు, అంతకుముందు శిబిరం చేసినవాళ్ల విరాళాల మీద నడుస్తుంది. వచ్చేటప్పుడు, ఇంటి దగ్గర పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమంటారు. పెళ్లయి పిల్లలు పుట్టాక ఆ రెండు గంటలు నాకెక్కడా దొరకలేదు, రెండు గంటలు కుదరనప్పుడు ఎందుకులే అని అసలు కూర్చోవడమే మానేశాను. అలా ఆరేళ్లు గడిచాయి. పది నిమిషాలు కూర్చున్నా అది ధ్యానమేనని ఆ ఆరేళ్లలో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు, నేను చేసిన తప్పు అదే, మీరు ఆ తప్పు చేయకండి.

పది, పదిహేను నిమిషాలతో ఏమొస్తుందని అనుకునేవాళ్లకి ఒక సంగతి చెప్పాలి. ధ్యానంతో బొత్తిగా పరిచయం లేనివాళ్లని తీసుకుని న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు, 2019లో అచ్చయింది. కొంతమంది రోజుకి 13 నిమిషాలు ధ్యానం చేశారు, మిగతావాళ్లు అంతే సేపు పాడ్‌కాస్ట్ విన్నారు. నాలుగు వారాలప్పుడు చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు, ఎనిమిది వారాలకి మాత్రం ధ్యానం చేసినవాళ్లలో చికాకు తగ్గింది, ఏకాగ్రత, జ్ఞాపకశక్తి మెరుగుపడ్డాయి. నేనైతే ఇందులో 13 కన్నా ఎనిమిది వారాలన్న మాటనే గట్టిగా పట్టుకున్నాను. మనలో ఎక్కువమంది మూడో వారంలోనే "నాకేం తేడా తెలియట్లేదు" అని లేచిపోతాం కదా.

మైండ్‌ఫుల్‌నెస్ అని ఇప్పుడు అంటున్న ధ్యానం ఇదే, పేరు కొత్తగా వినిపిస్తుంది కానీ సరుకు మనకి తెలిసిందే. పాత బౌద్ధ గ్రంథాల భాష పాళీలో సతి అంటారు, సంస్కృతంలో స్మృతి, మన భాషలో చక్కటి మాట ఎరుక. శ్వాస లోపలికి వెళ్తుంటే వెళ్తోందని, బయటికి వస్తుంటే వస్తోందని తెలిసి ఉండటం, బుద్ధుడు ఆనాపానసతి అని చెప్పింది ఇదే. "శ్వాస మీద ధ్యాస" అనే మాట తెలుగు ఊళ్లలో గోడల మీద కూడా చదివే ఉంటారు. 1979లో జాన్ కబాట్ జిన్ అనే ఆయన అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వైద్య కళాశాలలో, మందులతో తగ్గని నొప్పులున్న రోగుల కోసం దీన్నే ఎనిమిది వారాల కోర్సుగా మొదలుపెట్టాడు, అక్కణ్నుంచి ఆసుపత్రులకీ ఆఫీసులకీ పాకింది. ఆయన కోర్సులోనూ ఇంటి దగ్గర రోజుకి ముప్పావు గంట, వారానికి ఆరు రోజులు చేయాలి. వీలున్నవాళ్లు తప్పకుండా చేయండి. ఇది వీలులేనివాళ్ల కోసం.

మొదటి పని, రోజుకి ఒక్కసారి కదలకుండా కూర్చోవడం. పది నిమిషాలు చాలు. దానికి టైం పెట్టుకోవద్దు, పని పెట్టుకోండి. "ఆరింటికి కూర్చుంటాను" అనుకుంటే ఆరింటికి కరెంటు పోతుంది, పాప లేస్తుంది, పనమ్మాయి ఫోన్ చేస్తుంది, ఆరు దాటిపోయింది కాబట్టి ఇవాళ్టికి ఇంతే అనుకుంటాం. అదే "ఫలానా పని అయిన వెంటనే" అనుకుంటే ఆ పని ఎంత ఆలస్యంగా జరిగినా వెనకాలే ధ్యానం వస్తుంది. పళ్లు తోముకోవడం, స్నానం, దీపం పెట్టడం, పిల్లల్ని బస్సెక్కించి రావడం, నమాజో ప్రార్థనో అయ్యాక లేవకుండా ఇంకాస్త సేపు ఉండిపోవడం, మీ ఇంట్లో ఏ రోజూ తప్పని పని ఏదో చూసి దానికి కట్టండి.

నాది ప్రెషర్ కుక్కర్. బియ్యం, కందిపప్పు కడిగి, గిన్నెలు కుక్కర్లో పెట్టి, మూతేసి వెయిట్ పెడతాను. మా స్టవ్ మీద మధ్యస్థం మంట పెడితే మూడో విజిల్ రావడానికి పది, పన్నెండు నిమిషాలు పడుతుంది. అప్పటికి కూర ముక్కలు తరిగి ఉంటాయి కాబట్టి చేతిలో పనుండదు, ఒకప్పుడు ఆ కాసేపూ ఫోన్ చూసేదాన్ని. ఇప్పుడు వంటింట్లోనే గోడవార పీట వేసుకుని కూర్చుంటాను. వీపు నిటారుగా, కానీ బిగదీసుకోకుండా. చేతులు ఒళ్లో. మీకు మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చుని పాదాలు నేలకి ఆనించండి, పద్మాసనం వేయాల్సిన పని అసలు లేదు. కళ్లు మూసుకుని, ముక్కు రంధ్రాల దగ్గర గాలి ఎక్కడ తగులుతోందో అక్కడ ధ్యాస పెట్టాలి. లోపలికి వచ్చేటప్పుడు కొంచెం చల్లగా, బయటికి వెళ్లేటప్పుడు కొంచెం వెచ్చగా ఉంటుంది, మొదట్లో తెలియకపోతే వేలు ముక్కు కింద పెట్టి చూడండి. శ్వాసని గట్టిగా లాగొద్దు, లెక్కగా వదలొద్దు. ప్రాణాయామం మంచిదే కానీ అది వేరే పని. ఇక్కడ శ్వాస దాని మానాన అది నడుస్తుంది, మనం చూస్తుంటాం.

మొదటి వారం లెక్కపెట్టుకుంటే తేలిక. బయటికి వెళ్లిన ప్రతి శ్వాసకీ ఒకటి, రెండు అంటూ పది దాకా, మళ్లీ ఒకటి నుంచి. నాలుగు దగ్గరే మనసు ఎగిరిపోతుంది. ఎవరికైనా అంతే. నాకు ఇప్పటికీ అంతే.

ఈ ఎగిరిపోవడం దగ్గరే నూటికి తొంభైమంది ఆగిపోతారు కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. "నా మనసు నిలవదు, ధ్యానం నాకు పడదు" అంటారు. మనసు నిలవకపోవడం మీ ఒక్కరి గొడవ కాదు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు ఇద్దరు 2,250 మందిని ఫోన్ యాప్ ద్వారా రోజులో ఎప్పుడు పడితే అప్పుడు "ఇప్పుడేం చేస్తున్నారు, దేని గురించి ఆలోచిస్తున్నారు" అని అడిగితే, దాదాపు 47 శాతం సార్లు వాళ్లు చేస్తున్న పనొకటి, ఆలోచిస్తున్నది ఇంకోటి. గీత ఆరో అధ్యాయంలో అర్జునుడు కూడా మనసు గాలి లాంటిది, దాన్ని పట్టడం కష్టం అంటాడు, కృష్ణుడు ఆ మాట కొట్టిపారేయకుండా, సందేహమే లేదు, కానీ అభ్యాసంతో, వైరాగ్యంతో పట్టుబడుతుంది అంటాడు. అది ఎక్కడికి పరిగెడితే అక్కణ్నుంచి వెనక్కి తెచ్చుకోమని అంతకు ముందే చెప్పి ఉంటాడు. ఆ వెనక్కి తెచ్చుకోవడమే ధ్యానం. పది నిమిషాల్లో యాభైసార్లు పోయి యాభైసార్లు తెచ్చుకున్నారంటే యాభైసార్లు అభ్యాసం చేశారన్నమాట, ఆ రోజు చాలా బాగా జరిగినట్టు.

తెచ్చుకునేటప్పుడు విసుక్కోకూడదు, అదొక్కటే షరతు. మా తాతయ్య వాళ్లింట్లో గేదెలుండేవి. కొత్తగా కట్టుగొయ్యకి కట్టిన దూడ మొదటి రోజంతా తాడు తెంపుకునేటట్టు గుంజుతుంది, చుట్టూ తిరుగుతుంది, అరుస్తుంది, తాతయ్య దాన్ని కొట్టడం నేను ఎప్పుడూ చూడలేదు, తాడు మాత్రం విప్పేవాడు కాదు. రెండో రోజో మూడో రోజో అదే ఆ గొయ్య పక్కనే పడుకునేది. బౌద్ధుల పాత వ్యాఖ్యానాల్లోనూ మనసుని దూడతో, శ్వాసని కట్టుగొయ్యతో పోల్చారని తర్వాత తెలిసినప్పుడు నాకు ముందు కళ్లముందు కదిలింది మా తాతయ్య కొట్టమే. మీరూ అలాగే చేయండి. ఆలోచన వచ్చిందని తెలియగానే లోపల మెల్లగా "ఆలోచన" అనుకోండి, కోపమైతే "కోపం", దురదైతే "దురద", అంతే, మళ్లీ ముక్కు దగ్గరికి రండి. ఆ ఆలోచన మంచిదా చెడ్డదా అని విచారణ పెట్టొద్దు. విజిల్ వచ్చినప్పుడు నేను మొదట్లో ఉలిక్కిపడేదాన్ని, ఇప్పుడు ఆ చప్పుడు మొదలైన దగ్గర్నుంచి సన్నగా తగ్గి, ఆవిరి బుస్సుమని ఆగేదాకా పూర్తిగా వింటాను, దాని వెనకాల వచ్చే నిశ్శబ్దం కూడా. మూడోది రాగానే లేచి స్టవ్ కట్టేస్తాను.

ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. నేను చెప్పలేదు. మొదటి రోజు మా అత్తయ్య వంటింట్లోకి వచ్చి, నేను గోడకి ఆనుకుని కళ్లు మూసుకుని ఉండటం చూసి కంగారుపడ్డారు. "ఏమ్మా, కళ్లు తిరుగుతున్నాయా? మంచినీళ్లివ్వనా?" అని భుజం పట్టుకున్నారు. "లేదత్తయ్యా, బానే ఉన్నాను, మూడు విజిల్స్ వచ్చేదాకా ఇలా కూర్చుంటాను, తర్వాత లేచి కూర చేసేస్తా" అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. నాలుగు రోజుల తర్వాత మావాడు సాక్సు కనిపించట్లేదని అరుస్తూ వస్తుంటే, హాల్లోంచి ఆవిడ గొంతు వినిపించింది, "ఇప్పుడు కాదు నాన్నా, అమ్మకి ఇంకా ఒక విజిల్ ఉంది." ఆ మాట విన్న రోజు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో ఒక్క మనిషి మనవైపు ఉంటే చాలు, పది నిమిషాలు నిలబడతాయి.

ఇక రెండోది, రోజంతా మనం ఎదురుచూసే చిన్న చిన్న సందులు. పాలు కాగడానికి, లిఫ్ట్ రావడానికి, ఓటీపీ రావడానికి, సిస్టమ్ ఆన్ అవడానికి, బ్యాంకు కస్టమర్ కేర్‌వాళ్లు లైన్లోకి రావడానికి. అవన్నీ ఒకప్పుడు ఖాళీగా ఉండేవి, ఇప్పుడు అన్నిట్లోకీ ఫోన్ వచ్చి కూర్చుంది. అన్నీ ఒక్కసారే వెనక్కి లాక్కోవాలనుకోకండి, ఒక్కటి లాక్కోండి. నేను పాలతో మొదలుపెట్టాను. పాలు పెట్టాక స్టవ్ దగ్గరే నిలబడి చూస్తుంటాను, కళ్లు తెరిచే, లేకపోతే పొంగిపోతాయి. ముందు గిన్నె అంచుల దగ్గర సన్నటి బుడగలు, ఆ తర్వాత మీగడ పొర కట్టి మధ్యలో ముడతలు పడటం, అది ఊపిరి పీల్చినట్టు ఒక్కసారి పైకి లేవడం. నలభై ఏళ్ల వయసులో పాలు పొంగడం మొదటిసారి పూర్తిగా చూశాను. ఇది కూడా ధ్యానమే, శ్వాసకి బదులు పాలు, అంతే తేడా.

మెట్రోలో నా పద్ధతి ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్ దాకా. తార్నాకలో తలుపులు మూసుకున్న దగ్గర్నుంచి మెట్టుగూడలో తెరుచుకునేదాకా, రెండు నిమిషాలు. సీటు దొరకదు కాబట్టి నిలబడే చేస్తాను. పాదాలు నేలకి ఎక్కడ ఆనుతున్నాయి, రైలు బ్రేక్ వేసినప్పుడు బరువు మడమల్లోంచి వేళ్లలోకి ఎలా వెళ్తోంది, పైన పట్టుకున్న పట్టీ అరచేతిలో ఎంత చల్లగా ఉంది. భుజాలు ఎప్పుడు చెవులదాకా ఎక్కి కూర్చుంటాయో మనకి తెలియదు, అప్పుడు గమనిస్తే వాటంతట అవే దిగుతాయి. రెండు స్టేషన్లు చేయబుద్ధైతే చేయండి, బలవంతం వద్దు. అమీర్‌పేట దగ్గర జనం దిగి ఎక్కేటప్పుడు మాత్రం చేయను, అక్కడ బ్యాగ్ మీద ధ్యాస ఉండాలి.

బండి నడిపేవాళ్లకి ఒక మాట, ఇది చాలా ముఖ్యం. నడుపుతూ శ్వాస మీద ధ్యాస పెట్టకండి, ధ్యానం ఆడియోలు వినకండి. మీ ధ్యాస రోడ్డు మీదే ఉండాలి, అదే ఆ టైంలో ఎరుక. సిగ్నల్ పడ్డప్పుడు హ్యాండిల్ మీద వేళ్లు ఎంత గట్టిగా బిగుసుకున్నాయో చూసుకుని వదులు చేయండి, కళ్లు తెరిచే ఉంచి.

ఆఫీసులో నేను రెండే చేస్తాను. మధ్యాహ్నం బాక్సు తెరిచాక మొదటి అయిదు ముద్దలు ఫోన్ లేకుండా, మాట్లాడకుండా తింటాను. అయిదే, తర్వాత మామూలుగా అందరితో కబుర్లే. గోంగూర పప్పు ఉన్న రోజు చూడండి, ముందు పులుపు నాలుక పక్కల్లో తగులుతుంది, తర్వాత ఎండుమిర్చి ఘాటు గొంతు దగ్గర, అన్నం తీపి అన్నిటికన్నా చివర్న, నమిలితేనే తెలుస్తుంది. రెండోది, ఒళ్లు మండించే మెయిల్ వచ్చినప్పుడు. ఏడాది కిందట ఒక మెయిల్‌కి నేను వెంటనే కొట్టిన జవాబు వల్ల పక్క టీం వాళ్లతో నెల రోజులు మాటల్లేకుండా పోయాయి, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అప్పటినుంచి అలాంటిది చదవగానే కుర్చీలోంచి లేస్తాను. నీళ్ల దగ్గరికి నడిచి, గ్లాసు నింపుకుని, ఆ నీళ్లు గొంతులోంచి దిగేదాకా గమనిస్తూ తాగి, వచ్చి కూర్చుని అప్పుడు టైప్ చేస్తాను. కోపం ఎక్కడికీ పోదు, అక్కడే ఉంటుంది, కానీ ఛాతీలో వేడిగా ఉందని, దవడ బిగుసుకుందని తెలుస్తుంటుంది, అది తెలుస్తున్నంతసేపు చేతులు మనం చెప్పినట్టు వింటాయి.

ఇంటికొచ్చాక గుమ్మం బయట చెప్పులు విప్పేటప్పుడు మూడు శ్వాసలు, బెల్ కొట్టేముందు. రాత్రి పడుకున్నాక పాదాల వేళ్ల నుంచి మొదలుపెట్టి పిక్కలు, మోకాళ్లు, నడుము అంటూ ఒక్కొక్క చోటే ధ్యాస పెడుతూ పైకి రావడం. నేను మోకాళ్లు దాటి పైకి రాకుండానే నిద్రపోతాను, అది మంచిదే.

పొద్దున కూర్చున్నప్పుడు నిద్ర వస్తుంటే కళ్లు సగం తెరిచి నేల మీద ఒకచోట చూస్తూ చేయండి, అయినా వస్తుంటే మీకు నిద్ర చాలట్లేదని అర్థం, ముందు నిద్ర సంగతి చూసుకోండి. డబ్బులు కట్టే యాప్‌లేవీ అవసరం లేదు. గంట మోగే టైమర్ కావాలంటే ఇన్‌సైట్ టైమర్‌లో ఉచితంగానే ఉంది, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి వాడండి, లేదంటే మీ ఇంట్లో పాత అలారం గడియారం ఉంటే ఇంకా నయం.

ఎన్ని రోజులకి అలవాటవుతుంది అంటే, 21 రోజులనే మాట బాగా తిరుగుతుంది కానీ అది నమ్మి దిగాలుపడకండి. లండన్‌లో 96 మందితో అలవాట్ల మీద చేసిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, ఒకరికి 18 రోజుల్లోనే, ఇంకొకరికి 254 దాకా పట్టొచ్చని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటు పాడవలేదని కూడా అందులోనే తేలింది. నేను లెక్క క్యాలెండర్ మీదే వేసుకుంటాను, పాలు రాని రోజున మా అత్తయ్య గుండ్రంగా చుట్టే ఆ గోడ క్యాలెండర్ మీదే, కూర్చున్న రోజున తేదీ పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క. నెలాఖరుకి పాల లెక్క చూసేటప్పుడు చుక్కలూ కనిపిస్తాయి. ఇరవై ఉంటే నాకు చాలా సంతోషం. ఒక నెలలో ఆరే ఉన్నాయి, పాపకి డెంగీ వచ్చిన నెల అది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. కళ్లు మూసుకోగానే పాత భయాలు, దుఃఖం ముంచుకొచ్చి గుండె దడదడలాడుతుంటే పళ్లు బిగబట్టి కూర్చోవద్దు. కళ్లు తెరిచి, గదిలో ఉన్న వస్తువుల్ని చూస్తూ, లేచి నడవండి. అది మళ్లీ మళ్లీ అవుతుంటే, లేదా చాలా రోజులుగా మనసు బాగోకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. బీపీ మందులు, డిప్రెషన్ మందులు ధ్యానం చేస్తున్నామని సొంతంగా మానేయకూడదు.

రెండు నెలలు దాటి పది నిమిషాలు నిలబడ్డాక ఆదివారం ఒక్కరోజు ఎక్కువసేపు కూర్చుని చూడండి, ఇరవయ్యో ముప్పయ్యో. నాకు ఆదివారం మధ్యాహ్నం అందరూ భోంచేసి నడుం వాల్చినప్పుడు కుదురుతుంది. పిల్లల పరీక్షలప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు, కూర్చోవడం కుదరదని ముందే తెలిసిన వారాల్లో పాలొక్కటే ఉంచుకుంటాను, మిగతావన్నీ వదిలేస్తాను. సంక్రాంతికి ఊరెళ్తే అక్కడ కుక్కర్ నా చేతిలో ఉండదు, మెట్రో ఉండదు. పెరట్లో కట్టెల పొయ్యి మీద స్నానాలకి నీళ్లు కాగుతుంటాయి, ఆ పొయ్యి ముందు శాలువా కప్పుకుని కూర్చుంటాను, కాగు మీద ఆవిరి లేచి, ఎవరో ఒకరు బకెట్ పట్టుకుని వచ్చేదాకా.